నేను ఫోటో తీస్తే కూలే ఇళ్ళు

పుదుచ్చేరిలో పెద్ద మార్కెట్టుకు నాలుగు వీధుల అవతల మాకొక జిరాక్స్ కొట్టు ఉంది. మిషను మా ఆయన చూసుకుంటాడు. పాస్‌పోర్టు సైజు ఫోటోలు నేను తీస్తాను. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊరి మొహాలన్నీ తెల్లగుడ్డ ముందు కూర్చుని, చెవులు రెండూ కనబడేలా, నవ్వు ఆపుకుని నా వైపు చూస్తూనే ఉన్నాయి.

మా రెండు కుటుంబాలూ ఇళ్ళలో తెలుగే మాట్లాడతాయి. ఏ తాతల కాలంలో ఇటు వచ్చామో ఎవరికీ సరిగ్గా తెలీదు. అయితే తెలుగు చదవడం, రాయడం వచ్చింది నాకొక్కదానికే. మా అమ్మమ్మ పట్టుబట్టి పలక మీద దిద్దించింది. మా ఆయన తెలుగులో గంటలకొద్దీ మాట్లాడగలడు కాని, అక్షరాలు చూపిస్తే జిలేబీ చుట్టల్ని చూసినట్టు చూస్తాడు. అందుకని ఆయన గురించి ఇక్కడ కాస్త ధైర్యంగానే రాస్తున్నాను.

జిరాక్స్ కొట్టువాళ్ళకు చాలా రహస్యాలు తెలుస్తాయి. ఎవరింట్లో సంబంధాలు చూస్తున్నారో జాతకం కాపీలు చెబుతాయి. ఎవరికి ఉద్యోగం పోయిందో ఒకేసారి తీయించుకునే పది బయోడేటాలు చెబుతాయి. ఇల్లు అమ్మేవాళ్ళయితే మరీ తేలిక. ట్రంకుపెట్టె వాసనతో, మడతల దగ్గర చిరిగిన పాత దస్తావేజు ఒకటి బల్ల మీదికి వస్తుంది. కొన్ని ఫ్రెంచివాళ్ళ కాలం నాటివి. అక్షరాలు చిక్కుడుతీగల్లా అల్లుకుని ఉంటాయి. తెచ్చినవాడు చదవలేడు, మేం చదవలేం, కొనేవాడూ చదవలేడు. కాని నాలుగు సెట్లు కావాలంటారు. నాలుగు సెట్లంటే ఆ ఇంటికి ఇంక మూడు నెలలే ఆయుష్షని మా ఆయన అంటాడు. ఆయన మాట ఒక్కసారి కూడా తప్పలేదు.

అలా వచ్చిన కాగితాల్లో ఒకటి మా పాత బడి పక్కనున్న ఇంటిది. చిన్నప్పుడు వాన పడితే పిల్లలమంతా పరిగెత్తి ఆ ఇంటి అరుగెక్కేవాళ్ళం. ఆ ఇంటి పెద్దాయన మమ్మల్ని వేలితో లెక్కపెట్టి, పదిమంది దాటితే పదకొండో పిల్లను ఎదురింటి అరుగుకు పంపేసేవాడు. నేను ఎప్పుడూ పదకొండోదాన్నే. అయినా ఆ అరుగంటే నాకు ప్రాణం. కాగితం చూసిన రోజే ఒకసారి వెళ్ళి చూసి రావాలనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటూ వెళ్ళేసరికి అక్కడ రేకుల కంచె ఉంది. కంచె సందులోంచి చూస్తే ఆకాశం కనిపించింది.

ఆ సాయంత్రం కొట్లో కూర్చుని ఆలోచించాను. ఈ వీధుల్లో అందరి మొహాలకూ నా దగ్గర ఫోటోలున్నాయి. వాళ్ళు కూర్చున్న అరుగు ఒక్కదానికీ లేదు.

మర్నాడు పొద్దున్నే కెమెరా మెడలో వేసుకుని బయలుదేరుతుంటే మా ఆయన పళ్ళు తోముకుంటూ అడ్డం వచ్చాడు.

"కెమెరా ఎత్తుకుని యాడికే పొయ్యేది?"

"పాత ఇళ్ళు ఫోటోలు తీస్తానండి."

ఆయన బ్రష్షు నోట్లోంచి తీసి, నిజంగానే అర్థం కాక అడిగాడు. "ఇళ్ళకేంటికే పాస్‌పోర్టు?"

బీచి పక్క వీధుల్లో ఫోటోలకు కొదవ లేదు. అక్కడ పసుపు గోడల ముందు పెళ్ళికి ముందే ఫోటోలు దిగే జంటలు వరసకట్టి ఉంటాయి. ఒక జంట ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోవడం పూర్తయ్యేదాకా, వెనకాల ఇంకో జంట గొడుగు పట్టుకుని చిరాగ్గా కాచుకుంటుంది. మా వైపు వీధులకు మాత్రం ఎవరూ రారు. అందుకే కెమెరాతో నేను కనబడగానే జనం నన్ను ఇంటిపన్ను వాళ్ళ మనిషి అనుకున్నారు. ఒకాయన లుంగీ బిగించుకుంటూ పరిగెత్తుకొచ్చి, నేను నోరు తెరవకముందే, "అమ్మా, మీద ఉండేది రూము కాదు, ఉట్టి రేకు. ఆ ఏసీ కూడా ఉట్టిదే," అన్నాడు.

నన్ను గుర్తుపట్టినవాళ్ళతో ఇంకో తంటా. వాళ్ళందరికీ ఒకప్పుడు పాస్‌పోర్టు ఫోటో తీసిన చెయ్యి నాదే. కెమెరా ఎత్తడం ఆలస్యం, పాలు పితికేవాడు పాలు ఆపి, ముగ్గు వేసే ఆవిడ ముగ్గు వదిలేసి, నిటారుగా నిలబడి జుట్టు చెవుల వెనక్కి తోసేవాళ్ళు. నా మొదటి నెల ఫోటోల్లో పుదుచ్చేరి పౌరులంతా ఏదో దేశానికి వీసా కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంటారు.

మూడు వీధుల అవతల ఒక పెద్దింటి అరుగు మీద ఒకాయన ఇస్త్రీ చేసేవాడు. ఇరవై రెండేళ్ళుగా అదే అరుగు, అదే బొగ్గుల పెట్టె. ఆయన సొంతూరు విల్లియనూరు పక్క, మన తెలుగే మాట్లాడతాడు. నా కన్నా పెద్దవాడే అయినా నన్ను అక్కా అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. ఆ ఇంటి దస్తావేజు మా కొట్టుకు వచ్చింది. నాలుగు సెట్లు. వచ్చిన రెండో రోజే నేను కెమెరాతో ఆ అరుగు ముందు నిలబడ్డాను.

"ఇంటినేంటికక్కా తీసేది?" అన్నాడు ఆయన.

"బాగుండాది అన్నా, అందుకే."

"అయితే నన్ను కూడా తియ్యి. ఉండు, ఈ చొక్కా పట్టుకుంటా. డాక్టరుది." ఆయన ఆ చొక్కాను బిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, గడ్డం దించి, చెవులు చూపిస్తూ నిలబడ్డాడు.

ఇల్లు అమ్ముడైపోయిందని ఆయనకు తెలీదు. నాకు తెలుసు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఒకరి కాగితం సంగతి ఇంకొకరికి చెప్పకూడదన్నది మా కొట్టు పుట్టినప్పటి నుంచీ ఉన్న నియమం. చెప్పడం మొదలుపెడితే రేపు మా గడప తొక్కేదెవరు? నేను ఫోటో తీసుకుని, నవ్వి, వచ్చేశాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు నా మీదే కోపం వస్తుంది.

నలభై రోజుల తరవాత ఆయన మా కొట్టుకు వచ్చాడు. చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది. చల్లారిపోయి ఉంది.

"ఇల్లు ఇడగ్గొట్టేసినారక్కా. పెట్టె తీసుకుని లెయ్యి అన్న్యారు, అంతే. ఇరవై రెండేండ్లు ఏం కాలేదు. నువ్వొచ్చి ఫోటో తీసినావు, పడిపొయ్యింది. నీ కన్నక్కా, నీ కన్ను!"

"అట్ల కాదన్నా..." అని మొదలుపెట్టాను. జిరాక్స్ మిషను వెనక నుంచి మా ఆయన తల పైకి లేచింది. నేను ఆగిపోయాను. ఆ ఫోటోను పెద్ద సైజులో ప్రింటు తీసి, లామినేషను చేసి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన చాలాసేపు చూశాడు. అరుగు, స్తంభాలు, వీధి మీదికి వంగిన పెంకులు, చొక్కాతో తను. కోపం కొంచెం కొంచెంగా దిగింది. "నా పెట్టె కూడా ఫోటోలో పడిందే," అన్నాడు చివరికి, మెల్లగా. ప్రింటును చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను చేసిన తప్పు ఆ లామినేషను. ఆయన ఇందిరా నగర్‌లో తన ఇంటి దగ్గరే ఒక తోపుడు బండి పెట్టుకుని, ఎండకూ వానకూ చెక్కుచెదరని ఆ ఫోటోను బండికి వేలాడదీశాడు. బట్టలు తెచ్చిన ప్రతివాళ్ళూ అడిగారు, ఏంది ఇల్లు ఇంత బాగుండాది, యాడుండాది అని. "ఇప్పుడు యాడా లేదు," అని ఆయన మొదలుపెట్టేవాడు. ఇస్త్రీ అయ్యేలోపల కథ మొత్తం చెప్పేవాడు. అదే సమయంలో నేను ఫోటో తీసిన ఇంకో రెండిళ్ళు కూడా కూలాయి. నేను వాటిని ఎంచుకున్నదే దస్తావేజులు చూసి కదా! కాని ఆ ముక్క బయటికి చెప్పలేను. చెప్పని నిజం కన్నా చెప్పిన కథ వేగంగా నడుస్తుంది.

నెల తిరక్కుండానే నేను వీధిలోకి వస్తే కిటికీలు మూసుకోవడం మొదలైంది. పూలమ్మే ఆవిడ బుట్ట మీద కొంగు కప్పేది. ఒక మిద్దింటివాళ్ళు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టి, అది చాలదన్నట్టు నన్ను చూపించి పిల్లలకు దిష్టి తీశారు. ఇంకొకాయన మాత్రం కొట్టుకు వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "మేడం, మా పక్కింటోడి గోడ నా జాగాలోకి ఒక అడుగు వచ్చి ఉండాది. ఆ గోడ ఒక్కటే తీస్తారా? ఇల్లు పడకూడదు, పావం."

మా ఆయనకు ఇదంతా పండగలా ఉంది. "కొట్టు దిక్కు మాత్రం ఆ కెమెరా తిప్పబాకే," అనేవాడు, నవ్వుతున్నాడో నిజంగా అంటున్నాడో తెలియకుండా.

ఊళ్ళో వీలుకాక నేను వైతికుప్పం వైపు వెళ్ళడం మొదలుపెట్టాను. ఒడ్డున వలలు పెట్టుకునే పాత పాకలు తీద్దామని. అక్కడా నా కీర్తి నాకన్నా ముందే చేరింది. చేపలు ఆరబెడుతున్న ఒక పెద్దావిడ నన్ను కిందికీ మీదికీ చూసి పెద్దగా నవ్వింది. "ఏటేటా సముద్రమే వచ్చి తీసకపోతాది. నీ చిన్న డబ్బా ఏం చేస్తాది? తియ్యమ్మా, తియ్యి. ఆ మూల పాక ముందు తియ్యి, అది మా తోటికోడలిది."

ఒకరోజు మధ్యాహ్నం కొట్టులోకి అయిదుగురు ఆడవాళ్ళు వచ్చారు. ముందు నడుస్తున్నావిడ ఇస్త్రీ అన్న భార్య. పిల్లల బడికి పెట్టాల్సిన కాగితం ఏదో కాబోలనుకుని చెయ్యి చాచాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఒక ఉపకారం చెయ్యాల. మా వీధిలో ఒక బ్రాందీ కడ ఉండాది. ఆ కొట్టు పక్క వాకిలి సరిగ్గా మా నీళ్ళ కొళాయికి ఎదురుగా. సాయంత్రం నీళ్ళు వచ్చేటప్పుడే వాళ్ళకూ దాహం వస్తాది. బిందె పెట్టి నిలబడలేకుండా ఉండాము. అర్జీలు పెట్టి చూసినాము, చేతులు నొప్పి పుట్టినాయి కాని ఏం కాలేదు. నువ్వొచ్చి ఒక ఫోటో తియ్యి."

"నాలుగు పక్కలా తియ్యక్కా," అంది ఇంకొకావిడ.

"మీద నించి కూడా తీస్తే మంచిది," అంది మూడో ఆవిడ.

నా ఫోటోకు అలాంటి శక్తి ఏమీ లేదని నేను ప్రమాణం చేసి చెప్పాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గొప్పవాళ్ళు ఎప్పుడూ అలాగే అంటారు అన్నట్టు తలలూపారు. చివరికి నేను ఒప్పుకోవడానికి కారణం వాళ్ళ బాధ ఒక్కటే అని చెప్పాలనుంది. కాని నిజం ఏమిటంటే, ఇంత బ్రాందీ పారే ఊళ్ళో పుట్టి పెరిగి, యాభై దాటినా, బ్రాందీ కడ లోపల ఎలా ఉంటుందో నేను ఎన్నడూ చూడలేదు.

మర్నాడు సాయంత్రం ఆరింటికి వెళ్ళాను. ఆడవాళ్ళు బిందెలతో కొళాయి దగ్గర, ఏమీ తెలియనట్టు, ఆ కడ కూలే దృశ్యం కోసం కాచుకుని ఉన్నారు. కట్టడం చూస్తే పాపం, మంచిదే. గుండ్రటి కిటికీ, నీలం రంగు వెలిసిన తలుపులు, పైన ఎప్పుడో రాసిన సోడా కంపెనీ ప్రకటన. ముందు వైపు రెండు ఫోటోలు తీసి పక్క వాకిలి దగ్గరికి వచ్చాను. వాకిలి తెరిచే ఉంది. లోపల పొడవాటి బల్ల, దాని చుట్టూ పదిమందికి పైగా మగవాళ్ళు.

నేను కెమెరా ఎత్తాను. వాళ్ళు మొహాలు దాచుకుంటారనుకున్నాను. కాని వాళ్ళలో సగం మంది నా పాస్‌పోర్టు గిరాకీలే. "అక్కా, మీరా!" అని ఒకడు లేచాడు. మిగిలినవాళ్ళు అలవాటుగా గ్లాసులు కింద పెట్టి, కాలర్లు సర్దుకుని, గడ్డాలు దించి, చెవులు చూపిస్తూ బల్ల వెనక వరసగా కూర్చున్నారు. అంత చక్కటి గ్రూపు ఫోటో నేను ఏ బడిలోనూ తీయలేదు. నొక్కాను. ఇంకోసారి నొక్కాను. అప్పుడు వరస మధ్యలో నుంచి ఒక కేక.

"అయ్యయ్యో, ఆ అక్కరా! ఇల్లు పడతాది! లెయ్యండ్రా!"

ఇస్త్రీ అన్న. ఆయన కథను ఆయన కన్నా గట్టిగా నమ్మినవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు. బల్ల అటు జరిగింది, కుర్చీలు ఇటు పడ్డాయి. అందరూ పైకప్పు వైపు చూస్తూ, తలల మీద చేతులు పెట్టుకుని, పక్క వాకిలి గుండా నన్ను దాటుకుంటూ వీధిలోకి వచ్చిపడ్డారు. ఒకాయన మాత్రం సగం దూరం వచ్చి, మళ్ళీ లోపలికి పరిగెత్తి, తన వేరుశనగల పొట్లం తీసుకుని వచ్చాడు.

కడ యజమాని బయటికి వచ్చాడు. నుదుట విభూతి, చేతిలో తువ్వాలు. మర్యాదస్తుడు. "ఏంది మేడం ఇది, వ్యాపారం టైములో? మీకేం కావాల చెప్పండి. ఆ ఫోటో చెరిపెయ్యండి. నాకు పెద్ద పూజ ఉండాది వచ్చే వారం."

"కట్టడం బాగుండాదని తీసినా సార్, ఇంకేం లేదు."

ఆ మాటతో ఆయన మొహం తెల్లబోయింది. ఇస్త్రీ అన్నతో నేను అన్నదీ అదే మాట. ఆయన కూడా ఆ కథ విని ఉంటాడు.

ఇల్లు పడలేదు. ఆడవాళ్ళు పది నిమిషాలు చూశారు, పెంకు కూడా కదల్లేదు. నిరాశపడి నా చుట్టూ మూగారు. "సరిగ్గా పడిందో లేదో చూపించక్కా" అన్నారు. నేను ఏమీ ఆలోచించకుండా కెమెరా వెనక తెర మీద గ్రూపు ఫోటో పెద్దది చేసి చూపించాను.

అయిదు తలలు తెర మీదికి వంగాయి. తరవాత ఒక వేలు తెరను పొడిచింది.

"ఇది మా ఆయన చొక్కా!"

"చొక్కా కాదే, మనిషే మీ ఆయన."

"ఈడు మా తమ్ముడు కదా! కంప్యూటరు క్లాసు అన్న్యాడే!"

ఇస్త్రీ అన్న భార్య తెరను కళ్ళ దగ్గరికి లాక్కుని చూసింది. తరవాత మెల్లగా అంది. "గుడికి పోతాండా, ప్రదోషం అంటాడు. నెలకు రెండే కదా ప్రదోషం, ఈనకేంది వారానికి నాలుగొస్తాండాయి అనుకుంటా ఉంటి."

బిందెలు పొంగిపోతున్నాయి, కొళాయి కట్టేవాళ్ళు లేరు.

ఆ తరవాత ఏ ఇంట్లో ఏం జరిగిందో నేను అడగలేదు. మర్నాటి నుంచి మాత్రం ఆ పక్క వాకిలి దగ్గర ఒక్కరూ కనబడలేదట. కొందరు కప్పు కూలుతుందని, ఎక్కువమంది ఫోటో ఉందని. రెండు నెలలు చూసి, పూజ కూడా చేయించి, యజమాని కడను ఊరి బయటికి మార్చుకున్నాడు. ఖాళీ అయిన గదుల్లో ఇప్పుడొక ట్యూషన్ సెంటరు నడుస్తోంది. కట్టడం నిక్షేపంలా ఉంది. అయినా నా కన్ను పడితే ఏదైనా లేచిపోవాల్సిందేనని ఇందిరా నగర్ మొత్తానికి రుజువైపోయింది.

ఇస్త్రీ అన్న రెండు వారాల తరవాత కొట్టుకు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కడ పడలేదక్కా. నేను పడినా."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక నాకు ఇంక దాచాలనిపించలేదు. మా ఆయన అక్కడే ఉన్నాడు, ఉంటే ఉన్నాడనుకున్నాను. ఆ ఇంటి కాగితం ముందే మా కొట్టుకు వచ్చిందనీ, అది చూసే ఫోటోకు వచ్చాననీ, నా కంట్లో ఏమీ లేదనీ చెప్పేశాను.

ఆయన అరవలేదు. బల్ల మీద గోటితో ఒక గీత గీశాడు. "ఒక మాట చెప్పుంటే ఇంకో అరుగు చూసుకుని ఉందును కదక్కా. నలభై దినాలుండె." అంతే అన్నాడు. కన్ను పడిందని తిట్టిన రోజు కన్నా ఆ రోజు నాకు ఎక్కువ నొప్పి వేసింది.

ఆ రాత్రి మా ఆయన తన అన్నం తనే వడ్డించుకుని తిన్నాడు. నియమం తప్పానన్న కోపమే అనుకున్నాను. కాని మర్నాడు ఒకాయన పాత దస్తావేజు తెచ్చి నాలుగు సెట్లు అడిగితే, మా ఆయన కాగితం మిషను మీద పెట్టి, మూత వేయకుండా ఆగాడు. "సార్, అరుగు మీద ఎవరన్నా ఉండారా? ఇస్తిరి, టైలరు, ఇడ్లీ? ముందే చెప్పేయండి వాళ్ళకు. పుణ్యం వస్తాది," అన్నాడు. ఆ వచ్చినాయన తడబడి, టైలరు ఒకడున్నాడని, ఈ రోజే చెప్తానని అన్నాడు. అప్పుడు మా ఆయన మూత వేసి పచ్చ బటను నొక్కాడు. నా వైపు చూడలేదు. ఇప్పటికీ అలాగే అడుగుతున్నాడు. ఒకరిద్దరు కోపం తెచ్చుకుని వేరే కొట్టుకు వెళ్ళారు. పోనీ.

నేనూ దొంగచాటుగా వెళ్ళడం మానేశాను. నేరుగా ఇంటివాళ్ళనే అడుగుతాను, ఇల్లు పడకముందు ఒకసారి తీసుకోనా అని. ఎలాగూ పడేదే కాబట్టి నా కంటికి వాళ్ళు భయపడరు.

ఈ మధ్య అలా ఒకింటికి వెళ్ళాను. టేకు స్తంభాలు, మధ్యలో ఆకాశం కనబడే నడవ, పాదాల కింద చల్లటి ఎర్ర నేల. నేను మైమరచి తీస్తుంటే ఆ ఇంటావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. కొత్త అపార్టుమెంటుకు సామాను సగం సర్దేశారు. ఇంత అందమైన ఇల్లు వదలడం కష్టంగా లేదా అని అడిగాను.

"నీకిది ఫోటో. నాకు ముప్పయ్యేండ్లు తుడిచిన నేల," అంది. "రా, నీకు అసలైంది చూపిస్తా."

నడవ దాటి, వంటగది దాటి, పెరడు మొత్తం నడిపించి, చిట్టచివర గోడకు ఆనుకుని ఉన్న ఒక చిన్న రేకుల గది ముందు ఆపింది. స్నానాల గది. వానలో గొడుగేసుకుని, చలిలో వణుకుతూ, జ్వరంలో గోడలు పట్టుకుని ముప్పయ్యేళ్ళు నడిచిన దూరమట అది.

"దీన్ని తియ్యి," అంది ఆవిడ. "మంచిగా తియ్యి. మొదట ఇదే పడాల."

మూడు పక్కల నుంచి తీశాను. నాలుగో పక్కకు ఆవిడే నా భుజం పట్టుకుని తిప్పింది.